వ్యసనంలో చిక్కిన తల్లి – మన బాధ్యత

(సంఘ వార్షిక సమావేశంలో మహిళా విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సభలో మేము చదివే లెక్కలు మీకు తెలిసినవే. ఇన్ని పుస్తకాలు పంచినాము, ఇన్ని కుట్టుమిషన్లు ఇచ్చినాము, ఇంతమంది ఆడపిల్లల నికాహ్‌కు సాయపడినాము అని చెప్పి కూర్చుంటాము. ఈ ఏటి లెక్కలు కార్యదర్శిగారి నివేదికలో ఉన్నాయి. మేము మాత్రం ఏ నివేదికలోనూ రాయని ఒక సంగతి చెప్పడానికి నిలబడినాము. అది మా తప్పుతోనే మొదలయిన సంగతి.

ఈ విషయం ఎత్తుతామని ముందుగా చెప్పినప్పుడు కొందరు పెద్దలు, “అట్లాంటివి మన ఇళ్ళలో లేవు గదమ్మా, ఒకవేళ ఉన్నా నలుగురిలో ఎందుకు?” అన్నారు. వారిమీద మాకు కోపం లేదు. మూడేండ్ల కిందట మేము కూడా అదే మాట అన్నవాళ్ళమే. ఆ మాట అన్నందువల్ల ఏమయిందో దయచేసి వినండి.

ఆ ఇంటి పేరు, వీధి పేరు చెప్పము. ఆ తల్లి సమ్మతించిన మేరకే చెబుతున్నాము. భర్త బెంగుళూరుకు సెంట్రింగు పనికి పోయి, నెలకో రెండు నెలలకో ఒకసారి వచ్చేవాడు. ఉన్న నాలుగెకరాల చెనక్కాయ చేను రెండేండ్లు వరసగా ఎండిపోయింది. ఇంట్లో అత్త, ముగ్గురు పిల్లలు, ఒక కుట్టుమిషను. మూడో కాన్పు తరువాత ఆమెకు నడుంనొప్పి పట్టుకున్నది, రాత్రి నిద్ర కరువయింది. పక్కింటామె తాను వాడే చిన్న మాత్ర ఒకటి ఇచ్చి, “సగం వేసుకో, హాయిగా నిద్ర పడుతుంది” అన్నది. నిజంగానే పట్టింది. సగం ఒకటయింది, ఒకటి రెండయింది. రెండేండ్లు తిరిగేసరికి పగలు కూడా వేసుకోనిదే చెయ్యి ఆడని స్థితి వచ్చింది. మొదట కుట్టుకూలి డబ్బు, తరువాత బియ్యం డబ్బాలో దాచిపెట్టినది, ఆ తరువాత ముక్కుపుడక, అన్నీ ఆ మాత్రలకే పోయినాయి. పొయ్యిమీద పాలు మాడిపోయేవి. రెండేండ్ల చిన్నవాడు పక్కన ఏడుస్తున్నా ఆమె లేచేది కాదు. పదకొండేండ్ల పెద్దకూతురు బడి మానేసి వంటింట్లోకి వచ్చింది.

అత్త మా దగ్గరికి వచ్చి ఏడ్చింది. మేము నలుగురం పోయినాము. పోయి ఏం చేసినాము? పెట్టెలు, పరుపులు వెతికి మాత్రలన్నీ తీసి మోరీలో పారేసినాము. ఆమె కొంగుకున్న తాళంచెవుల గుత్తి విప్పి అత్త చేతికిచ్చినాము. “తౌబా చెయ్యమ్మా, పిల్లల మొఖం చూడమ్మా” అన్నాము. లోపలి గదిలో పడుకోబెట్టి, “ఎవరికీ తెలియనియ్యకండి” అని చెప్పి, మంచి పని చేసినామనే నమ్మకంతో ఇంటికి వచ్చి అన్నం తిన్నాము.

ఆ రాత్రి ఆమెకు నిద్ర లేదు. మరుసటినాడు చేతులు వణికినాయి, ఒళ్ళంతా చెమటలు. మూడోనాడు తెల్లవారుజామున ఫిట్స్ వచ్చినాయి. అప్పుడుగాని ఆటో పిలిచి పెద్దాసుపత్రికి తీసుకుపోలేదు. అక్కడి డాక్టరుగారు అడిగినారు: “ఈమె రోజుకు ఎన్ని మాత్రలు వేసుకునేది?”

మాకు తెలియదు. మేము అడగనే లేదు.

“మాన్పించినది ఎవరు?”

“మేమే సార్.”

ఆయన కోప్పడలేదు. “మీరు మంచికే చేసినారు. కాని ఇంకొంచెం ఆలస్యమయితే మనిషి దక్కేది కాదు” అన్నారు. ఆమె పాపానికి శిక్ష పడుతున్నదని మేము అనుకుంటున్న గంటలో, మా అజ్ఞానానికి ఆమె శిక్ష అనుభవిస్తూ ఉన్నది. ఈ మాట సభలో ఒప్పుకోవడానికి మాకు మూడేండ్లు పట్టింది.

ఆ తరువాత డాక్టర్ల దగ్గర కూర్చొని నేర్చుకున్న సంగతులు మీకూ చెబుతాము. అల్ప్రజోలాం, డయజిపాం వంటి నిద్రమాత్రలు చాలాకాలం రోజూ వేసుకుంటే మెదడు వాటికి అలవాటు పడుతుంది. ఒక్కసారిగా ఆపితే ఆ మెదడు తల్లడిల్లుతుంది. నిద్ర పోతుంది, వణుకు వస్తుంది, కొందరికి ఫిట్స్ వస్తాయి, ప్రాణానికే ముప్పు రావచ్చు. ప్రతిరోజూ ఎక్కువగా మద్యం తాగేవారి సంగతీ ఇంతే. చివరిసారి తాగిన కొద్ది గంటలనుండి రెండు రోజుల లోపల ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు మతి తప్పి, లేనివి కనబడినట్లు మాట్లాడవచ్చు. ఇది దెయ్యమూ కాదు, జిన్నూ కాదు. ఇది ఆసుపత్రిలో చూడవలసిన జబ్బు.

దీనికి పెద్ద ఉదాహరణలు మన పక్క రాష్ట్రంలోనే ఉన్నాయి. తెలంగాణలో చాలాచోట్ల కల్లులో క్లోరల్ హైడ్రేటు, డయజిపాం, అల్ప్రజోలాం కలిపి అమ్మే దురలవాటు ఎన్నో ఏండ్లుగా ఉన్నది. 2015లో అధికారులు ఆ కల్తీ కల్లును గట్టిగా అరికట్టినప్పుడు నిజామాబాదు, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో కూలీనాలీ చేసుకునేవాళ్ళు, ఆడవాళ్ళు సహా, వణుకుతూ, పిచ్చిగా ప్రవర్తిస్తూ ఆసుపత్రుల పాలయినారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి దుకాణాలు మూసినప్పుడు హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి అట్లాంటి రోగులు బారులు తీరినారు. కల్తీని ఆపడం మంచి పనే. కాని అలవాటు పడిన ఒంటికి చికిత్స చూపకుండా సరుకు ఒక్కటే ఆపితే ఏమవుతుందో ఆ రెండు సంవత్సరాలు చూపినాయి. మేము ఒక ఇంట్లో చేసిన తప్పే అక్కడ ఊళ్ళకు ఊళ్ళలో జరిగింది.

మన అనంతపురం సంగతికి వస్తాము. ఏడాదికి అయిదువందల యాభై మిల్లీమీటర్ల చుట్టుపట్ల వాన పడే సీమ ఇది. ఆ పడేది కూడా అదనుకు పడదు. బోర్లు ఎండుతాయి, మగవాళ్ళు బెంగుళూరుకో గల్ఫుకో పోతారు. ఇంట్లో ఉన్న ఆడమనిషి మీద పిల్లలు, ముసలివాళ్ళు, అప్పులవాళ్ళు, అందరి బరువూ పడుతుంది. పగలంతా కుట్టుమిషను మీద వంగి కూర్చున్న నడుముకు రాత్రి మంచం మీద ఒరిగినా నొప్పి తీరదు. అప్పుడు ఒక మాత్ర, ఒక దగ్గుమందు సీసా, ఒక చిటికెడు నశ్యం, కొన్ని ఇళ్ళలో కల్లో బ్రాందీయో చేతికి వస్తుంది. సరదా కోసం మొదలుపెట్టిన ఆడమనిషి ఒక్కతె కూడా మాకింతవరకు తగలలేదు. నిద్ర కోసం, నొప్పి కోసం, దుఃఖం మరవడం కోసం మొదలుపెట్టినవాళ్ళే అందరూ.

నశ్యంతో పళ్ళు తోముకునే అలవాటును మనం వ్యసనమని కూడా అనుకోము. మన అవ్వలు చేసినారు, అమ్మలు చేస్తున్నారు. కాని అందులో ఉన్నది పొగాకే. చిగుళ్ళ గుండా నెత్తురులోకి ఎక్కుతుంది. నోటి క్యాన్సరుకు దారి తీస్తుంది. గర్భిణి వాడితే బిడ్డ తక్కువ బరువుతో పుట్టే ప్రమాదం ఉన్నది. 2016-17లో దేశమంతటా జరిపిన సర్వేలో పెద్దవయసు ఆడవాళ్ళలో నూటికి 12.8 మంది ఇట్లా పొగరాని పొగాకు వాడుతున్నట్లు తేలింది. అంటే ఎనిమిదిమందిలో ఒకరు. కాబట్టి ‘మన ఇళ్ళలో లేవు’ అనే మాట నిలవదు.

మద్యం లెక్క వేరు. 2019లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన సర్వే ప్రకారం మగవాళ్ళలో నూటికి 27.3 మంది తాగుతారు, ఆడవాళ్ళలో 1.6 మంది. పదిహేడు మంది మగవాళ్ళకు ఒక ఆడమనిషి. తక్కువమందే గదా అని మనం తేలికపడవచ్చును. కాని ఆ ఒక్కరి స్థితి ఆలోచించండి. పదిహేడు మందికి తోడున్నది, దుకాణమున్నది, ‘పాపం, అలవాటు’ అని సర్దిచెప్పే తల్లి ఉన్నది. ఈ ఒక్కరికి ఏమున్నది? చాటుగా తాగాలి, చాటుగా జబ్బుపడాలి. తండ్రి తాగితే తాగుబోతు అంటాము. తల్లి తాగితే చెడిపోయింది అంటాము. తాగుబోతు మానితే మంచివాడవుతాడు. చెడిపోయింది అనిపించుకున్నామె మానినా తిరిగి వచ్చే దారి లోకంలో ఎవరూ ఉంచరు.

సారా మీద పోరాటం పేరు చెబితే మనకు ఆడవాళ్ళే గుర్తుకు వస్తారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటివాళ్ళు మొదలుపెట్టిన ఉద్యమం 1992లో రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి, 1997లో సడలిపోయింది. ఆ తల్లుల ధైర్యానికి మేము సలాం చేస్తాము. అయితే, మగవాడి తాగుడుతో పోరాడే తల్లి కథ మనకు వచ్చును గాని, తానే చిక్కుకున్న తల్లి కథ చెప్పుకోవడం రాదు. అందుకే ఆమె వస్తే ఏం చెయ్యాలో మాకు తోచలేదు.

ఇక ఆ తల్లి ఎట్లా కోలుకున్నదో చెబుతాము. ఆసుపత్రిలో ఆమె రోజూ వేసుకున్న మోతాదును లెక్కకట్టి, దానికి తగ్గ మందు ఇచ్చి, వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వచ్చినారు. మొదట ఆమె ఆసుపత్రిలో ఉండనన్నది. కారణం మాత్రలు కాదు, చిన్నవాడు. “వాడిని వదిలి ఉండలేను, వదిలితే మళ్ళీ నాకియ్యరు” అన్నది. అప్పుడే మాకొక చట్టం సంగతి తెలిసింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా జబ్బుగానే లెక్క వేసింది. మానసిక చికిత్సాలయంలో ఉన్న తల్లినుండి మూడేండ్ల లోపు బిడ్డను, బిడ్డకు ప్రమాదముంటే తప్ప, మామూలుగా విడదీయకూడదని చెప్పింది. రోగి సంగతులు బయటపెట్టకూడదని కూడా చెప్పింది. బిడ్డను పక్కన ఉంచుకోవచ్చునని డాక్టరుగారు చెప్పిన తరువాతనే ఆమె మంచం మీద నిమ్మళంగా పడుకున్నది.

ఆసుపత్రి పని కొన్ని వారాలు. ఇంటి పని ఏడాది పట్టింది. ఇది ముఖ్యంగా అత్తలు, మొగుళ్ళు వినవలసిన భాగం.

ఇంటికి వచ్చిన రోజు ఆమె చేతిలో ఏమీ లేదు. తాళంచెవులు అత్త కొంగున, వంట కూతురి చేతిలో, డబ్బు మరిది దగ్గర. సొంత ఇంట్లోనే చుట్టపుచూపుగా వచ్చినట్లు గోడవారన కూర్చునేది. డాక్టరుగారి సలహా మీద అత్తతో మాట్లాడి ఒక ఏర్పాటు చేసినాము. మాత్రలు అత్త దగ్గర ఉంటాయి, చెప్పిన వేళకు చెప్పినన్ని ఇస్తుంది. మొదటి నెలలో వంటసామాన్ల అలమర తాళంచెవి కోడలికి. మూడో నెలలో వీధి తలుపు. బీరువా తాళంచెవి ఆఖరున. ఒక్కొక్కటి ఇచ్చేటప్పుడు అత్త ముఖంలో భయం చూసినాము. తీసుకునేటప్పుడు కోడలి చేతి వణుకూ చూసినాము. ఆ వణుకు మాత్రలదని మేము అనుకోలేదు.

అందరికంటే కష్టమయినది పెద్దకూతురు. రెండేండ్లు తానే తల్లిగా ఉన్న పిల్ల అది. అమ్మ దిండు కింద వెతికేది, అమ్మ నోరు వాసన చూసేది, మాత్రలు లెక్కపెట్టేది. బడికి పంపుతామంటే “నేను పోతే ఎవరు చూస్తారు?” అన్నది. పదకొండేండ్ల పిల్ల నోట ఆ మాట విని మాకు కడుపులో దేవినట్లయింది. “నువ్వు కాపలాదారువు కాదు బేటీ, బిడ్డవు. చూసే పని పెద్దవాళ్ళది” అని ఒకసారి చెబితే వినలేదు, నెలల తరబడి చెప్పినాము. తోడుగా మాలో ఒకరు రోజూ మధ్యాహ్నం ఆ ఇంటికి పోయి కూర్చునేవారు. జూనులో బడి తెరిచిననాడు ఆ తల్లే కూతురికి జడ వేసి పంపింది. జడ వంకరగా వచ్చింది. అయినా పిల్ల విప్పకుండానే పోయింది.

ఎనిమిదో నెలలో ఒక దెబ్బ తగిలింది. అత్తకు జబ్బుచేసి ఇల్లంతా తలకిందులయింది. ఒక మిట్టమధ్యాహ్నం ఆ తల్లి మాలో ఒకరి ఇంటికి వచ్చి గుప్పిట విప్పింది. అందులో నాలుగు మాత్రలు. “ఖాలా, ఆరు కొన్నా. రెండు వేసుకున్నా. ఇవి తీసుకో” అని నిలబడి ఏడ్చింది. భర్తకు తెలిసి, “ఇంక చాలు, పుట్టింటికి పంపేస్తా” అన్నాడు. మూడేండ్ల ముందయితే మేమూ తల ఊపేవాళ్ళము. ఈసారి అతన్ని కూర్చోబెట్టి అడిగినాము: “నాయనా, ఆమెకు షుగరు ఉండి, మందుతో తగ్గి, మళ్ళీ పెరిగితే పుట్టింటికి పంపుతావా, డాక్టరు దగ్గరికి తీసుకుపోతావా?” అతను చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “ముందు దాచేది, ఇప్పుడు తానే తెచ్చి ఇచ్చింది గదా” అని తనకు తానే అనుకున్నాడు. ఆ సాయంత్రమే ఇద్దరూ ఆసుపత్రికి పోయినారు. మళ్ళీ జారడం ఈ జబ్బులో చాలామందికి జరిగేదే. ఆ రోజునే డాక్టరుకు చెప్పితే అడుగు తప్పినట్లు లెక్క. దాచిపెడితే అదే పాతదారి అవుతుంది.

ఇప్పుడు ఆమె మిషను కుట్టుకుంటున్నది. భర్త ఊళ్ళోనే పని వెతుక్కున్నాడు. డబ్బు తక్కువ, అప్పు ఇంకా ఉన్నది. అన్నీ తీరిపోయినాయని మేము చెప్పము. ఆమె ఈ సభలో ఉన్నదో లేదో కూడా చెప్పము.

మత్తు హరామ్ అనే దానిలో మనకు సందేహం లేదు. కాని చికిత్స హరామ్ కాదు, జబ్బుపడినామెను తలుపు బయట నిలబెట్టడం దీన్ కాదు. తల్లి పాదాల దగ్గర స్వర్గమున్నదని పిల్లలకు నేర్పుతాము. ఆ పాదాలు తడబడిన రోజున పట్టుకునే చెయ్యి మన సంఘానిది కావాలి.

అందుకని సభవారికి మా మనవులు నాలుగు. మొదటిది, ఇట్లాంటి తల్లికి ఆసుపత్రికి తోడుపోయే మనిషి, బస్సు చార్జీ, ఆమె ఇంట్లో లేనన్నాళ్ళు పిల్లలకు అన్నం – ఈ మూడింటికి సంఘం నిధిలో కొంత పక్కన పెట్టండి. రసీదులో ఆమె పేరు రాయవద్దు. రెండవది, ఆ ఇంటి ఆడపిల్ల బడి ఆగకుండా చూడండి. మూడవది, మందుల షాపులున్న మన సోదరులకు. అల్ప్రజోలాం, డయజిపాం 2014 నుండి హెచ్1 షెడ్యూలులో ఉన్నాయి. డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడదు, ఇచ్చినది రిజిస్టరులో రాయాలి. తెలిసిన ఇల్లే గదా అని ఇచ్చిన పది మాత్రలే ఆ ఇంటిని కూల్చవచ్చును. నాల్గవది, మేము చేసిన తప్పు మీరు చెయ్యవద్దు. మాత్రలు గాని మద్యం గాని రోజూ వాడేవారిని ఇంట్లో బంధించి ఒక్కసారిగా మాన్పించకండి. ముందు డాక్టరుకు చూపండి. గర్భిణి అయితే, పాలిచ్చే తల్లి అయితే దాచకుండా ఆ సంగతి మొదటే చెప్పండి.

ఎవరికీ ముఖం చూపలేనివారు ఫోను చేయవచ్చును. మత్తు అలవాట్లకు కేంద్ర ప్రభుత్వ ఉచిత సహాయ నంబరు 14446. మనసు బాధలకు 2022లో మొదలయిన టెలి మానస్ నంబరు 14416. అందులో తెలుగులో మాట్లాడవచ్చును. పొగాకు, నశ్యం మానదలచినవారికి 1800 11 2356. ఇక్కడ కుదరని కేసులకు రెండువందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో బెంగుళూరు నిమ్హాన్స్ ఉన్నది. వ్యసన చికిత్సకు అక్కడ ప్రత్యేక విభాగమున్నది. మగవాళ్ళు పనికి పోయే ఆ బస్సులోనే ఆడవాళ్ళు వైద్యానికీ పోవచ్చును.

చివరగా ఒక్క మాట. మూడేండ్ల కిందట ఆమె కొంగున తాళంచెవులు విప్పినది మా చేతులే. ఆ గుత్తి ఇప్పుడు మళ్ళీ ఆమె దగ్గరే ఉన్నది, బీరువాది కూడా. ఈ వీధుల్లో ఇంకా ఏ తల్లి అయినా కొంగు బిగించుకొని, తలుపు వేసుకొని కూర్చుని ఉంటే, మా ఇంటికి రావచ్చునని ఆమెకు ఈ సభ ద్వారా తెలియజేస్తున్నాము. ఈసారి మేము ముందు అడుగుతాము, తరువాతే మాట్లాడుతాము.